డిష్‌వాషర్ గిన్నెల్లో నీచు వాసన: మీ చిట్కాకు ఒక సవరణ

సంపాదకులకు నమస్కారం.

పోయిన ఆదివారం మీ అనుబంధంలో, ఇంటి చిట్కాల శీర్షిక కింద ఒక పాఠకురాలి ప్రశ్న వేశారు. డిష్‌వాషర్‌లో కడిగిన గిన్నెలు, గ్లాసులు వాసన వస్తున్నాయి, ఏం చేయాలని ఆవిడ అడిగారు. మీరిచ్చిన జవాబు నాలుగే వాక్యాలు. పౌడర్ రెట్టింపు వేయండి, పై అరలో సగం కోసిన నిమ్మచెక్క పెట్టండి, తగ్గకపోతే వెనిగర్ పోసి తిప్పండి, అప్పటికీ పోకపోతే అందులోనే కాస్త బ్లీచ్ కలపండి అని.

ఆ చివరి వాక్యం చదివాక నాకు ఆ పూట అన్నం సయించలేదు. వెనిగర్ ఆమ్లం. అందులో బ్లీచ్ కలిస్తే క్లోరిన్ వాయువు పుడుతుంది. మూసి ఉన్న మెషీన్‌లో, వేడి నీళ్లలో అది పుడితే తలుపు తీసిన మనిషి ముఖానికే కొడుతుంది. కళ్లు మండుతాయి, దగ్గు ఆగదు, ఎక్కువైతే ఊపిరితిత్తులే దెబ్బతింటాయి. మన అపార్ట్‌మెంట్లలో ఈ మెషీన్ పెట్టేది ఎక్కడ? గ్రిల్ మీద అద్దం బిగించేసిన ఇరుకు వాష్ ఏరియాలో. అక్కడ గాలి ఆడదు. ఎవరైనా ఆ చిట్కా పాటించేలోపు దయచేసి దీన్ని సరిచేయండి. పైగా బ్లీచ్ స్టీలును కూడా తినేస్తుంది.

ఈ ఒక్క సంగతి చెప్పడానికే కలం పట్టాను. అయితే ఆ పాఠకురాలి బాధకు మీ జవాబులో మందు దొరకలేదు. అదే బాధ నెలల తరబడి పడి బయటపడినదాన్ని కాబట్టి మిగతాది కూడా రాస్తున్నాను. కొంచెం పొడవవుతుంది, మన్నించాలి.

నేను ఒక పాలిటెక్నిక్‌లో 28 ఏళ్లు కెమిస్ట్రీ చెప్పి రిటైరయ్యాను. నిజాంపేటలో మూడో అంతస్తులో ఉంటాం. ఇంట్లో నేను, మావారు, మా అత్తయ్య, కొడుకు, కోడలు, ఇద్దరు మనవరాళ్లు. అత్తయ్యకు 83 ఏళ్లు. మామయ్య పోయిన దగ్గర్నుంచి ఆవిడ మాంసం, చేప, గుడ్డు ఏదీ ముట్టరు. మేం తింటే మాత్రం ఏనాడూ అభ్యంతరం చెప్పలేదు. ఆవిడ కంచం, గ్లాసు వేరుగా ఉండేవి, అంతే. ఆ గ్లాసు వెండిది, పెళ్లినాడు వాళ్లమ్మ ఇచ్చింది. రోజూ మధ్యాహ్నం భోజనం అయ్యాక అందులో మజ్జిగ తాగుతారు.

మా ఇంట్లో పదకొండేళ్లు అంట్లు తోమినామెకు మోకాళ్లు అరిగిపోయాయి. కూతురి దగ్గరికి వెళ్లిపోయింది. ఆమె స్థానంలో మెషీన్ వచ్చింది. వచ్చిన మొదటి వారం అందరం సంబరపడ్డాం. ఏడుగురి అంట్లు, రెండు పూటలవి, ఒకేసారి లోపలికి వెళ్లిపోయేవి. అత్తయ్య గ్లాసు కూడా వాటితోనే వేయడం మొదలుపెట్టాను. అంత వేడి నీళ్లలో ఇంకా ఏముంటుందిలే అనుకున్నాను.

రెండు వారాలు గడిచాయో లేదో, ఒక మధ్యాహ్నం ఆవిడ గ్లాసు నోటిదాకా తీసుకెళ్లి కింద పెట్టేశారు. "అమ్మాయ్, ఇది కవుచు కొడుతోందే" అన్నారు. నేను వాసన చూశాను. నాకేమీ తెలియలేదు. "మెషీన్‌లో కడిగాం అత్తయ్యా, చేత్తో తోమినదానికన్నా శుభ్రం" అన్నాను. ఆవిడ మాట్లాడలేదు, మజ్జిగ కూడా తాగలేదు. మర్నాడూ అంతే. మా అబ్బాయి "నానమ్మకి గుడ్డంటే పడదు కదమ్మా, అందుకే అలా అనిపిస్తోంది" అన్నాడు. ఇంట్లో అందరం అదే నమ్మాం. నాలుగు రోజుల తర్వాత చూస్తే ఆవిడ సింకు దగ్గర నిలబడి, ఒక చేత్తో గట్టు పట్టుకుని, తన గ్లాసు తానే తోముకుంటున్నారు. నేను చూసి కూడా ఊరుకున్నాను. అది తలుచుకుంటే ఇప్పటికీ మనసు బాగుండదు.

ఆ వెండి గ్లాసు కూడా అప్పటికే నల్లబడింది. గుడ్డులో గంధకం ఉంటుంది, గంధకం తగిలితే వెండి నల్లబడుతుంది అని ఎన్ని బ్యాచ్‌లకు చెప్పానో. నా ఇంట్లో గ్లాసు నల్లబడితే మాత్రం మెషీన్‌లో వేడి ఎక్కువైందేమో అనుకున్నాను.

వానాకాలం మొదలయ్యాక ఒక పొద్దున మా చిన్న మనవరాలు పాల గ్లాసు తోసేసింది. "నానమ్మా, పాలు గుడ్డు వాసన" అంది. ఆ పిల్లకు గుడ్డంటే ప్రాణం. దానికెందుకు అనిపిస్తుంది? అప్పుడు కడిగిన గ్లాసులు ఆరు తెచ్చి వరసగా పెట్టాను. పొడిగా ఉన్నప్పుడు ఏ గ్లాసూ వాసన లేదు. వేడి నీళ్లు పోసి పది సెకన్లు ఆగి ముక్కు దగ్గర పెడితే ఆరింటికి ఆరూ నీచు వాసన. ఈ పరీక్ష ప్రతి ఇంట్లోనూ చేయవచ్చు. గాజుకు, స్టీలుకు పట్టిన పలచటి పొర ఆరినప్పుడు మాట్లాడదు, వేడి తడి తగిలితే బయటపడుతుంది. అత్తయ్య మజ్జిగలో ఉప్పు వేసి కాస్త గోరువెచ్చని నీళ్లు కలుపుకుంటారు. ఆవిడకే ముందు తెలియడంలో వింతేమీ లేదు. రోజూ గుడ్డు వండుకు తినే మా ముక్కులు ఆ వాసనకు అలవాటు పడిపోయాయి. ఇరవై ఏళ్లుగా దాన్ని ముట్టని ముక్కు ఇట్టే పట్టేసింది.

అక్కణ్ణుంచి మేం చేసిన పొరపాట్లు మీ జవాబులో ఉన్నవే. పౌడర్ పెంచాం. గ్లాసుల మీద తెల్లటి మసక, నాలుక మీద సబ్బు రుచి వచ్చాయి గానీ నీచు పోలేదు. నిమ్మచెక్క పెట్టాం. తొక్క బాగానే ఉంది గానీ లోపలి గుజ్జు, గింజలు ఊడి కిందకు జారాయి. అరకు తగిలించే సువాసన బిళ్ల ఒకటి కొన్నాం. దాంతో గ్లాసులో నీచు ఉంది, దాని మీద అత్తరు కూడా చేరింది. కంపెనీ మెకానిక్‌ను పిలిస్తే తొమ్మిది రోజులకు వచ్చాడు. ఒక సీసా క్లీనర్ పోసి ఒకసారి తిప్పి, విజిటింగ్ ఛార్జీ తీసుకుని "మీ నీళ్లే బాగాలేవు మేడమ్" అని వెళ్లిపోయాడు. నీళ్ల మాట కొంత నిజమే, దాని దగ్గరికి వస్తాను. కానీ అతను మెషీన్ అడుగున ఉన్న జల్లెడ తీసి చూడలేదు. బిగించడానికి వచ్చినవాడు కూడా అక్కడ జల్లెడ ఒకటుంటుందని మాకు చెప్పలేదు.

ఇక్కడ నాకు తోడొచ్చింది మన భాషే. మన వాసనలకు పేర్లు వేరు వేరుగా ఉన్నాయి. గుడ్డు, చేపలది నీచు. మా అత్తయ్యది తెనాలి వైపు, ఆవిడ కవుచు అంటారు. పక్క ఫ్లాట్ ఆవిడది కరీంనగర్, నీసు అంటారు. కాలవది మురుగు కంపు. ఆరని బట్టది ముక్కిన వాసన. నిలవున్న నూనెది చిక్కు వాసన. ఇవి నాలుగూ మెషీన్‌లో నాలుగు వేరే చోట్ల పుడతాయి. "బ్యాడ్ స్మెల్" అని ఒక్క మాటతో ఫోన్‌లో ఫిర్యాదు చేస్తే అవతలివాడు సీసా క్లీనర్ తప్ప ఇంకేం చెప్పగలడు? కాబట్టి ఆ పాఠకురాలికి నా మొదటి మాట: పొద్దున్నే, ముందు రోజు రాత్రి కడిగి మూసిన మెషీన్ తలుపు జానెడు తీసి, ముక్కు పెట్టి, వచ్చింది ఏ వాసనో దాని పేరుతో పిలవండి. తర్వాత వేడి నీళ్లు పోసిన గ్లాసును వాసన చూడండి. మా ఇంట్లో తలుపు తీస్తే మురుగు, గ్లాసులో నీచు వచ్చాయి. అంటే జబ్బులు రెండు. ఒకటి నయం చేసి రెండోది పోలేదని విసుక్కుంటూ కూర్చున్నాం అన్నమాట.

జల్లెడ గురించి చెప్తాను. కింది అర బయటకు లాగితే అడుగున గుండ్రటి గొట్టంలాంటిది కనిపిస్తుంది. ఎడమకు తిప్పితే చేతిలోకి వస్తుంది. దాని కింద పళ్లెంలాంటి సన్నని జాలీ ఇంకొకటి. మాది ఏడు నెలలకు మొదటిసారి తీశాను. కరివేపాకు ఈనెలు, ఆవాలు, ములక్కాడ పీచు, చింతపండు నార, నిమ్మగింజలు, గుడ్డు పెంకు ముక్కలు ఉన్నాయి. వీటన్నిటినీ కలిపి పట్టుకున్న బూడిదరంగు జిగురు ఒకటి. అన్నం గంజి, నెయ్యి, పప్పు కలిసి నిలవుంటే అలా అవుతుంది. ప్రతిసారీ కడిగే నీళ్లు ఈ జల్లెడ గుండానే తిరిగి గిన్నెల మీదికి చిమ్ముతాయి. ఆ సంగతి తెలిసిన మరుక్షణం నాకు కడుపులో తిప్పింది. మెషీన్‌లో ప్రతి గిన్నెకూ కొత్త నీళ్లు రావు. ఒక విడతకు మూడు నాలుగు లీటర్లు పట్టుకుని వాటినే మళ్లీ మళ్లీ చిమ్ముతుంది. అందుకే అంత తక్కువ నీళ్లతో పని అవుతుంది. అందుకే జల్లెడ కూడా శుభ్రంగా ఉండాలి. పాత టూత్‌బ్రష్, గిన్నెల సబ్బు, పది నిమిషాలు చాలు. మన వంటకైతే వారానికి రెండుసార్లు తీయాలి. పోపు లేని వంట చేసుకునే దేశాల లెక్కతో నెలకోసారి చాలని కొందరు చెప్తారు. మనకది చాలదు.

అడుగున గుంటలో కాసిని నీళ్లు ఎప్పుడూ ఉంటాయి. అది లోపం కాదు, రబ్బరు ఎండిపోకుండా ఉండటానికి. ఆ నీళ్లు తేటగా ఉన్నాయా, జిడ్డు తేలుతోందా అన్నదే చూడాలి. నీళ్లు చిమ్మే తిరుగుడు రెక్కలు కూడా విప్పి చూడండి. మా పై రెక్కలో మూడు రంధ్రాల్లో సరిగ్గా ఒక్కొక్క ఆవగింజ కూర్చుంది, ఎవరో కొలిచి పెట్టినట్టు. పళ్లు కుట్టుకునే పుల్లతో తీశాను. ఆ వైపు గ్లాసులకు మూడు నెలలుగా నీళ్లు సరిగా తగలలేదు.

తలుపు కింది అంచు, చుట్టూ ఉండే రబ్బరు కూడా మెషీన్ కడగదు. నీళ్లు అక్కడిదాకా రావు. అక్కడే నల్లటి పాచి పడుతుంది. దీన్ని తేలిగ్గా తీసుకోవద్దు. స్లొవేనియా శాస్త్రవేత్తల బృందం 18 దేశాల నుంచి 189 డిష్‌వాషర్ల రబ్బరు అంచులు పరీక్షించి 2011లో ప్రచురించిన ఫలితాల్లో, వందకు 62 మెషీన్లలో బూజు జాతులు దొరికాయి. వేడికీ సబ్బుకూ తట్టుకునే నల్లటి ఈస్ట్‌లు వాటిలో ఎక్కువ. భయపెట్టడానికి రాయడం లేదు. తడిగుడ్డతో తుడిచి, కడగడం అయ్యాక తలుపు కాసేపు వారగా తీసి ఆరనిస్తే సరిపోతుంది. ముక్కిన వాసన పుట్టేది అక్కడే. రెండు మూడు రోజులకోసారి తిప్పే చిన్న కుటుంబాల్లో ఇదే ఎక్కువ. వాళ్లు అంట్లు పేర్చిన రోజే చల్లటి నీళ్లతో కడిగే ప్రీవాష్ ఒకసారి తిప్పితే మేలు.

ఇంత చేశాక మూడు రోజులు బాగుంది. నాలుగో పొద్దున తలుపు తీస్తే మళ్లీ మురుగు. ఆ రోజు నాకు నిజంగా ఏడుపొచ్చింది.

దాన్ని పట్టుకున్నది మా అపార్ట్‌మెంట్ ప్లంబర్. పక్క ఫ్లాట్‌లో కొళాయి బాగుచేయడానికి వచ్చాడు. పిలిచి అడిగితే, మెషీన్ వంక చూడనైనా చూడలేదు, గోడ వంక చూశాడు. "అమ్మా, ఈ పైపుని నహానీ ట్రాప్‌లోకి ఇంత లోతుకి దింపారేంటి?" అన్నాడు. నహానీ ట్రాప్ అంటే నేల జాలీ కింద కాసిని నీళ్లు నిలిచి కాలవ గాలిని ఆపే గుంట. మా వాష్ ఏరియా నేల మీద ఉన్న జాలీ తీసి, మురికినీళ్ల పైపును రెండడుగులు లోపలికి తోశారు బిగించినవాళ్లు. బట్టలు ఉతికే మెషీన్ నీళ్లూ ఆ ట్రాప్‌లోకే వెళ్తాయి. అది ఒక్కసారిగా నీళ్లు వదిలితే ట్రాప్ నిండి పైకి లేస్తుంది. ఆ మురుగు మా పైపులోంచి వెనక్కి ఎక్కుతోందని అతని అనుమానం. ల్యాబ్ అలవాటు పోదు కదా, నేను ట్రాప్‌లో బట్టల నీలిమందు నాలుగు చుక్కలు వేసి, బట్టల మెషీన్ వేశాను. గంట తర్వాత డిష్‌వాషర్ అడుగు గుంటలో నీళ్లు లేత నీలంగా ఉన్నాయి. మావారిని, అబ్బాయిని పిలిచి చూపించాను. నీళ్లు వెనక్కి రాకుండా లోపల ఒక చిన్న కవాటం ఉంటుంది. మాదాంట్లో దాని మధ్య గుడ్డు పెంకు ముక్క ఇరుక్కుని, అది మూసుకోవడం మానేసింది.

ప్లంబర్ ఆ ముక్క తీశాడు. పైపును పైకి లాగి, గోడకు క్లిప్పు కొట్టి, నేల నుంచి రెండడుగుల ఎత్తు దాకా తీసుకెళ్లి, అక్కణ్ణుంచి వంచి వేరే నిలువు గొట్టంలోకి వదిలాడు. మా మెషీన్ పుస్తకంలోనే ఆ పైపు చివర నేలకు కనీసం 40 సెంటీమీటర్ల ఎత్తున ఉండాలని బొమ్మతో సహా ఉంది. పుస్తకం ఇంగ్లీషులో, హిందీలో ఉంది. ఆ ప్లంబర్ చదివేది తెలుగు. అతనికి ఆ పుస్తకం అక్కర్లేకపోయింది గానీ, బిగించడానికి వచ్చిన కుర్రాడికి కావాల్సింది. ఇంకోమాట కూడా చెప్పాడతను. ఊరెళ్లి పది రోజులు ఇల్లు మూస్తే ట్రాప్‌లో నీళ్లు ఆరిపోయి, కాలవ గాలి నేరుగా ఇంట్లోకి వస్తుందట. వచ్చిన వెంటనే ఒక చెంబుడు నీళ్లు పోయమన్నాడు. 

మురుగు అలా పోయింది. నీచు ఇంకా ఉంది.

దీనికి నాకు గుర్తొచ్చినది మా పాత పనామె. ఆమె గుడ్డు పళ్లేలు విడిగా పెట్టేది. వాటికో పీచు వేరే ఉండేది. తొందరలో నేను గీజర్ నీళ్లు పోయబోతే "గుడ్డు పళ్లేనికి వేణ్ణీళ్లు పోయకమ్మా, పట్టేస్తది" అనేది. చన్నీళ్లతో కడిగి, శనగపిండి రుద్ది, ఆ తర్వాతే సబ్బు పెట్టేది. ఆమె మాటే రసాయన శాస్త్రం. తెల్లసొనలోని ప్రొటీన్ 60 డిగ్రీలు దాటితే గట్టిపడటం మొదలవుతుంది. చల్లగా ఉన్నప్పుడు నీళ్లలో కరిగి పోయేది, వేడెక్కాక పళ్లేనికి అతుక్కుంటుంది. మేం పచ్చసొన అంటిన పళ్లేలు, ఆమ్లెట్ గిలకొట్టిన గిన్నె అలాగే లోపల పడేసి వేడి ప్రోగ్రామ్ పెట్టేవాళ్లం. అదే నీళ్లు ఆవాలు అడ్డుపడ్డ రెక్కల్లోంచి గ్లాసుల మీద చిమ్మేవి. ఒక్క గిన్నెలో ఉన్న నీచు ఇరవై గ్లాసులకు పంచినట్టయ్యింది.

చేప వేరే. దాని వాసన అమీన్లనే క్షారాలది. పులుపు తగిలితే అవి లవణాలుగా మారి గాల్లోకి లేవలేవు. చేపను చింతపండు నీళ్లతో కడిగే మన పద్ధతి అందుకే. పులుసు వండిన గిన్నెలో వాసన తక్కువ, వేపుడు పెనానికి ఎక్కువ. ఆ పెనాన్ని మెషీన్‌లో పెట్టేముందు పిసికి పారేసే నిమ్మతొక్కతో ఒకసారి రుద్దితే చాలు. నిమ్మ చేయాల్సిన పని అక్కడ, సింకు దగ్గర.

ఇప్పుడు మా ఇంట్లో గుడ్డు పళ్లేలు ముందు చన్నీళ్ల కింద పడతాయి. చిటికెడు శనగపిండి, ఒక్క తుడుపు. అన్ని గిన్నెలూ ముందే తోమి మెషీన్‌లో పెట్టాలా అంటే, అక్కర్లేదు. మెతుకులు, ఎముకలు, కరివేపాకు చెత్తబుట్టలోకి దులిపితే చాలు. పప్పు, కూర గిన్నెలను మెషీన్ చూసుకుంటుంది. గుడ్డు, పాలు కాచిన గిన్నె, ఈ రెండిటికే చన్నీళ్లు. తర్వాత 65, 70 డిగ్రీల ప్రోగ్రామ్. అరగంట క్విక్ ప్రోగ్రామ్ నీచుకు పనికిరాదు. పౌడర్‌లోని ఎంజైమ్‌లు ప్రొటీన్‌ను ముక్కలు చేయడానికి వాటికి సమయం కావాలి. 45 డిగ్రీలలో ముప్పై నిమిషాల్లో నెయ్యి పైపులో పేరుకోవడం తప్ప జరిగేది తక్కువ.

ఆ పౌడర్ డబ్బా కూడా మేం వాష్ ఏరియాలో మూత సరిగా పెట్టకుండా ఉంచేవాళ్లం. వానాకాలంలో గడ్డకట్టింది. గడ్డకట్టిన పౌడర్ సగం చచ్చిన పౌడర్. తేమ తగిలితే అందులోని ఎంజైమ్‌లు, మరకలు తీసే పదార్థం బలం కోల్పోతాయి. ఇప్పుడు వంటింటి అలమరలో, గట్టి మూత డబ్బాలో.

నీళ్ల సంగతి. మాకు మునిసిపల్ నీళ్లు రోజు విడిచి రోజు వస్తాయి. మిగతాది బోరు, ఎండాకాలం ట్యాంకర్. అన్నీ ఒకే సంపులో కలుస్తాయి. నా పాత విద్యార్థి ఒకరు కాలేజీ ల్యాబ్‌లో ఉన్నారు. రెండు సీసాల్లో నీళ్లు ఇస్తే వాటి కాఠిన్యం, అంటే అందులో కరిగిన కాల్షియం, మెగ్నీషియం ఎంతో, ఈడీటీఏ అనే రసాయనాన్ని చుక్కచుక్కగా కలిపే టైట్రేషన్ పరీక్ష చేసి చెప్పారు. ద్రాక్షరంగు నీలంగా మారే ఆ క్షణం చూడటానికి నేనూ వెళ్లాను. మునిసిపల్ నీళ్లు లీటరుకు 150 మిల్లీగ్రాముల కాఠిన్యం, బోరువి 460. తాగునీటికి మన భారతీయ ప్రమాణం ప్రకారం 200 దాకా మంచిది, వేరే దిక్కు లేకపోతే 600 దాకా సరిపెట్టుకోవచ్చు. తాగడానికి సరిపెట్టుకున్నా సబ్బు సరిపెట్టుకోదు. కాల్షియం, మెగ్నీషియం దాని బలాన్ని మింగేస్తాయి. గ్లాసు మీద తెల్ల గార పడుతుంది, ఆ గరుకు పొర నీచును, జిడ్డును పట్టి ఉంచుతుంది. మెషీన్‌లో ఉప్పు వేసే అర ఇందుకే ఉంది. ఆ ఉప్పు గిన్నెలకు తగలదు, లోపల నీటిని మెత్తబరిచే రెసిన్‌ను మళ్లీ పనికి సిద్ధం చేస్తుంది. కాఠిన్యం ఎంతో మెషీన్‌కు చెప్పాలి కూడా. పుస్తకంలో జర్మన్ డిగ్రీల్లో ఉంటుంది. మన మిల్లీగ్రాముల లెక్కను 17.8తో భాగిస్తే ఆ అంకె వస్తుంది. మా బోరుకు 26. మెషీన్ మాత్రం వచ్చిన రోజు పెట్టిన అంకె మీదే ఏడు నెలలు నడిచింది. ఆర్వో అమ్మేవాళ్లు చూపించే టీడీఎస్ మీటరు అంకెతో దీన్ని కలపకండి. ఆ మీటరు అన్ని లవణాలనూ కలిపి చెప్తుంది, కాఠిన్యం అందులో ఒక భాగమే. ఇంట్లో వాడే అయోడిన్ ఉప్పు కూడా అందులో పోయకూడదు. దాన్ని గడ్డకట్టకుండా ఉంచడానికి కలిపే పదార్థాలు ఆ అరను పాడు చేస్తాయి.

నీళ్లే వాసనా అన్న అనుమానం ఉంటే సీసాలో సగం కొళాయి నీళ్లు పట్టి, మూత పెట్టి, బాగా కుదిపి, తీసి వాసన చూడండి. కొన్ని బోర్లలో కుళ్లిన గుడ్డు వాసన నీళ్లలోనే ఉంటుంది. మావాటిలో లేదు. గార పోవడానికి నెలకోసారి కిరాణా కొట్లో దొరికే నిమ్మఉప్పు నాలుగు చెంచాలు వేసి, ఖాళీ మెషీన్‌ను వేడి ప్రోగ్రామ్‌లో తిప్పుతాను. ఆ రోజు దాంతో పాటు ఇంకేమీ కలపను.

ఇవన్నీ అయ్యాక పన్నెండు రోజులకు గ్లాసుల పరీక్ష మళ్లీ చేశాను. ఈసారి ముక్కు నాది కాదు. అత్తయ్యను కుర్చీలో కూర్చోబెట్టి ఆరు గ్లాసులు ఇచ్చాను. అయిదు పక్కన పెట్టారు. ఆరోది చూపించి "ఇది" అన్నారు. అది పిల్లల ప్లాస్టిక్ గ్లాసు. ప్లాస్టిక్, టిఫిన్ బాక్సు మూతల్లోని రబ్బరు రింగులు వాసనను లోపలికి పీల్చుకుంటాయి. వాటిని మార్చేశాం. వెండి గ్లాసును మెషీన్‌లో పెట్టడం మానేశాను. వెండి, స్టీలు తడిలో ఒకదానికొకటి తగిలినా వెండి పాడవుతుంది. దాన్ని నేనే చేత్తో తోముతున్నాను, ఆవిణ్ణి సింకు దగ్గరికి రానివ్వడం లేదు. ఆవిడకు క్షమాపణ కూడా చెప్పుకున్నాను. "దానికేముందమ్మాయ్, నా ముక్కు నాది" అన్నారు.

ఈ మెషీన్లు అమ్మే కంపెనీలు దయచేసి రెండు పనులు చేయాలి. పుస్తకం తెలుగులో అచ్చు వేయండి. బిగించే కుర్రాడు జల్లెడ తీసి ఇంటివాళ్ల చేతిలో పెట్టకుండా, మురికి పైపు ఎత్తు చూపించకుండా ఆ ఇంటి నుంచి కదలకూడదని నియమం పెట్టండి. జల్లెడ, పైపు రెండూ చూపించడం పావుగంట పని. అపార్ట్‌మెంట్లు కట్టేవాళ్లు వాష్ ఏరియాలో నేల జాలీ ఒక్కటే వదలకుండా, రెండడుగుల ఎత్తున గోడకు ఒక నిలువు గొట్టం పెడితే రేపు ఎవరూ గోడ పగలగొట్టుకోనక్కర్లేదు.

మీరు చేయాల్సింది ఒకటే. వెనిగర్‌లో బ్లీచ్ కలపమన్న వాక్యం తప్పని, కలిపితే ప్రమాదమని, వచ్చే ఆదివారం అదే శీర్షిక కింద, అదే పేజీలో, అంతే పెద్ద అక్షరాల్లో వేయండి. నా ఉత్తరంలో చోటు చాలక ఏది తీసేసినా ఆ ముక్క మాత్రం తీయకండి.

ఇట్లు,
విశ్రాంత కెమిస్ట్రీ అధ్యాపకురాలు,
నిజాంపేట, హైదరాబాద్.